ఎండ ఉండగా వచ్చిన వాగు

మా లోయలో ఎండ ఆలస్యంగా వచ్చి తొందరగా వెళ్లిపోతుంది. సూర్యుడు తూర్పు కొండ దాటి పైకొచ్చేసరికి బడిలో మొదటి పీరియడు అయిపోవస్తుంది. సాయంత్రం పడమటి కొండ నీడ ముందు వాగు మీద పడి, తర్వాత మడుల మీదికీ, ఆ తర్వాత మా పెంకుటిళ్ల మీదికీ పాకుతుంది. అప్పటికీ ఎదుటి కొండ నెత్తిన చెట్లు ఎర్రటి ఎండలోనే ఉంటాయి. నేను బడిలో టీచరుగా బదిలీ మీద ఇక్కడికి వచ్చిన మొదటి వారం నాన్న వాకిట్లో శాలువా కప్పుకుని నిలబడి, "ఇదేం ఊరమ్మా! పొద్దు పొడవాలన్నా కొండెక్కి రావాలా?" అన్నాడు.

మాది పెనుగొండ దగ్గర ఒక పల్లె. కాలవ కింద వరి పండించుకునే క్రైస్తవ కుటుంబం. అమ్మ పోయిన ఏడాదే నాకు ఏజెన్సీకి బదిలీ అయింది. మావారికి రాజమండ్రిలో గుమస్తా ఉద్యోగం. కూతురు అక్కడే కాలేజీలో చదువుతోంది. ఒక్కదాన్నీ కొండల్లో ఎలా ఉంటానని, పొలం తమ్ముడికి అప్పజెప్పి నాన్న నాతో వచ్చేశాడు. రంపచోడవరం దాటాక బస్సు ఘాట్ రోడ్డులో తిరుగుతుంటే ముందు సీటు కమ్మీ పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక చదును నేల మీద తప్ప బతకని మనిషి. మా ఊళ్లో ఏటిగట్టెక్కితే చాలు, అదే పెద్ద ఎత్తు.

మేము అద్దెకు దిగిన గదికి పక్కిల్లు కొండరెడ్డి తెగకు చెందిన దంపతులది. నాన్న ఈడువాళ్లే. పిల్లకు పెళ్లి చేసి పై ఊరికి పంపేశారు. కొండవాలులో కొంత పోడు, వాగుకు అవతలి ఒడ్డున చిన్న వరిమడి, రెండు ఆవులు, అదీ వాళ్ల సంసారం. పాము మెలికలా లోయ పొడుగునా పారే ఆ వాగే మా ఊరికీ వాళ్ల మడికీ మధ్య ఉంది. వంతెన లేదు. మామూలు రోజుల్లో నీళ్లు పిక్కల దాకా కూడా రావు. చీర కాస్త పైకి పట్టుకుని నడిచి వెళ్లిపోవడమే.

ఆ పెద్దాయన మొదటి రోజునే నాన్నను "బావా" అని పిలిచాడు. అదేం వరసో ఎవరికీ తెలియదు. నాన్న కూడా "బావా" అన్నాడు. ఇక ఆమె నాన్నకు చెల్లెమ్మ, నాన్న ఆమెకు అన్న. నాకు వాళ్లు మావయ్య, అత్త. ఆ వరస మేం పెట్టుకున్నదే అయినా, నిజం చుట్టాల కంటే దగ్గరగా మెలిగాం.

మొదటి చలికాలం నాన్నకు శిక్షే అయింది. డిసెంబరులో మంచు తెల్లారుజామున వాగు మీద లేచి, బడి గంట కొట్టేదాకా ఊళ్లోనే కూర్చునేది. పది అడుగుల అవతల ఆవు నిలబడితే దాని మెడలో గంట వినపడేది తప్ప ఆవు కనపడేది కాదు. బట్టలు రెండు రోజులు ఆరేసినా చెమ్మగానే ఉండేవి. నాన్న రెండు స్వెట్టర్లు, మంకీ టోపీ వేసుకుని మావయ్య వాకిట్లో నెగడు దగ్గర కూర్చునేవాడు. ఇద్దరి మాటలూ ఎప్పుడూ వాన మీదే, నీళ్ల మీదే.

"మాకు గోదారి చెప్పి వస్తుంది బావా," అనేవాడు నాన్న. "భద్రాచలంలో ఎంతుందో ముందు టీవీలో చెబుతారు. రేపటికో ఎల్లుండికో మా దగ్గరికి వస్తుంది. ఈలోగా గేదెల్ని గట్టెక్కిస్తాం, బియ్యం అటక మీద పెడతాం, గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుని చూస్తాం. మెట్టు మెట్టుగా ఎక్కుతుంది. మెట్టు మెట్టుగానే దిగుతుంది."

మావయ్య నవ్వేవాడు. "కుర్సీ ఏసుకుని సూత్తారా?"

"మరి? జనమంతా వస్తారు చూడ్డానికి."

"ఇక్కడ కుర్సీ తెచ్చుకునేంత టయిము ఉండదు బావా. పై కొండ మీద పడితే మనకి తెలీదు. ఇక్కడ ఎండ కాత్తానే ఉంటాది."

నాన్న తల ఊపేవాడు గాని, ఆ మాట ఆయన మనసుకు పట్టలేదని నాకు తెలుస్తూనే ఉండేది. ఎండ కాస్తుంటే వరద రావడమేంటి? ఆయన చూసిన వరదలన్నిటికీ ముందు వారం రోజుల ముసురు ఉంది.

మార్చి వచ్చేసరికి చలి ఒక్కసారిగా తెగిపోయింది. విప్పపూలు రాలే రోజుల్లో కొంత హాయిగా ఉండేది. ఏప్రిల్ నుంచి లోయ మూకుడులా కాగింది. చుట్టూ కొండలు కాబట్టి గాలి ఎటూ కదలదు. పగలంతా కాగిన బండలు పొద్దుపోయాక కూడా వేడిని వదులుతూనే ఉంటాయి. ఆ పైన కొండవాలుల్లో మంటలు. పోడు కోసం పెట్టినవి కొన్ని, వాటంతటవే అంటుకున్నవి కొన్ని. పొగ లోయలో దిగి కూర్చుని పిల్లలు పాఠాల మధ్య దగ్గుతుండేవారు. వాగు ఇసుకైపోయింది. నాన్న, మావయ్య కలిసి వాగు మధ్యలో చెలమ తవ్వారు. ఊరిన కాసిన్ని నీళ్లను అత్త కొబ్బరి చిప్పతో బిందెలోకి తోడేది. "మా కాలవలు కూడా ఇప్పుడు కట్టేసి ఉంటాయిలే చెల్లెమ్మా," అని నాన్న ఓదార్చేవాడు. కాలవ కట్టేయడమంటే ఏంటో ఆమెకు తెలియదు. నీళ్లను ఎవరైనా కట్టేసి విప్పుతారన్న సంగతి ఆమెకు వింతగా ఉండేది.

జూన్ అంతా మబ్బులు పట్టి పోయాయి. జూలై నడిమికి గాని వాన పట్టలేదు. అది మొదలయ్యాక మాత్రం ఆగలేదు. పెంకుల మీద చప్పుడుకు బడిలో పాఠం వినపడేది కాదు. వాగు ఎర్రగా నడుము లోతున పారినన్నాళ్లూ అవతలి ఒడ్డు పిల్లలు బడికి రాలేదు. వాన కాస్త తెరిపినిచ్చాక, ఆగస్టు మొదట్లో, మావయ్య మడిలో నాట్లు వేశారు. నాన్న పంచె ఎగ్గట్టి దిగాడు. వరి మొక్క చేతిలోకి వచ్చేసరికి ఆయన ముఖం వెలిగిపోయింది. అమ్మ పోయాక ఆయన్ని అంత ఉషారుగా నేను చూడలేదు.

"అంత దగ్గరగా పెట్టకు బావా, పిలక తొడగొద్దూ?" అని నాన్న, "ఇది మీ కాలవ కింద నేల కాదు బావా, ఇక్కడ సగం సచ్చిపోతాయి," అని మావయ్య. చివరికి మడిలో సగం ఒకరి పద్ధతిలో, సగం ఇంకొకరి పద్ధతిలో నాటారు. అత్త గట్టు మీద కూర్చుని ఇద్దర్నీ తిట్టింది.

ఆ తర్వాత వానలు వెనక్కి తగ్గాయి. నీలం ఆకాశం, ఒళ్లు మండే ఎండ. వాగు మళ్లీ తేరుకుని మోకాలి లోతుకు దిగింది. నాన్న, మావయ్య, అత్త ముగ్గురూ కలుపు తీతకు రోజూ వెళ్లి వస్తుండేవారు.

ఆ రోజు మధ్యాహ్నం నేను పిల్లలతో గుణింతాలు రాయిస్తున్నాను. గదిలోకి కిటికీలోంచి ఎండ పడుతోంది. పై కొండల వైపు నల్లగా ఉందని ఎవరో పిల్లాడు అన్నట్టు గుర్తు. అంతలో వాగు వైపు నుంచి ఆడగొంతు కేక. ఆ కేకలో మాటలు లేవు. నేను సుద్దముక్క చేతిలో పట్టుకునే పరుగెత్తాను.

జరిగింది నాకు తర్వాత తెలిసింది. అత్త గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ముందుగా దాటి మా ఒడ్డుకు వచ్చేసింది. వెనక నాన్న. ఆయన వెనక మావయ్య ఇంకా అవతలి ఒడ్డునే, పారకు అంటిన మట్టి కడుక్కుంటున్నాడు. నాన్న నడి వాగులో ఉన్నప్పుడు మావయ్య తలెత్తి, "బావా, ఎనక్కి వచ్చెయ్! వచ్చెయ్!" అని అరిచాడట. నాన్న ఆగి చుట్టూ చూశాడు. ఎండ కాస్తోంది. నీళ్లు మోకాళ్ల దగ్గరే ఉన్నాయి. "ఏంటి బావా?" అన్నాడట. ఆ రెండు మాటలకు పట్టిన సమయంలోనే పై మలుపు దగ్గర నీళ్లు గోడలా కనిపించాయి. ఎర్రటి నీళ్లు, ముందు ఆకులు, వెదురు తుప్పలు, విరిగిన కొమ్మలు.

మావయ్య ఒడ్డునే ఉండిపోవచ్చు. ఆయన ఉన్నచోటు ఎత్తు. ఆయన పార పడేసి వాగులోకి దిగాడు.

నేను వెళ్లేసరికి నాన్న వాగు నడుమ ఉన్న నేరేడు చెట్టును కావలించుకుని ఉన్నాడు. మామూలు రోజుల్లో చుట్టూ ఇసుకలో నిలబడే చెట్టు అది. నీళ్లు ఆయన గుండెల దాకా కొడుతున్నాయి. మావయ్య కనిపించలేదు. అత్త ఒడ్డు వెంట కింది వైపు పరుగెత్తుతోంది, ఆమె నెత్తి మీది గడ్డి విడిపోయి దారంతా పడి ఉంది. ఊరి మగవాళ్లు తాడు తెచ్చారు. మొదటిసారి విసిరింది అందలేదు. రెండోసారి అందినా నాన్న చేతులు చెట్టును వదల్లేదు. "నాన్నా, తాడు పట్టుకో! పట్టుకో నాన్నా!" అని నేను అరుస్తూనే ఉన్నాను. ఆ హోరులో ఆయనకు నా మాట వినపడలేదు. చివరికి ఇద్దరు కుర్రాళ్లు నడుములకు తాళ్లు కట్టుకుని వెళ్లి, ఆయన వేళ్లను ఒక్కొక్కటే విడదీసి తీసుకొచ్చారు.

అప్పటికీ మా ఒడ్డున ఎండ ఉంది. తడిసిన నాన్న చొక్కా ఒంటి మీదే ఆరిపోయింది.

మావయ్య మర్నాడు చాలా దూరాన, వాగు దిగువన వెదురు పొదల్లో దొరికాడు. ఆ పక్కనే వాళ్ల ఆచారం ప్రకారం సాగనంపారు. నాన్న వస్తానంటే ఊరిపెద్ద వద్దన్నాడు. కోపంతో కాదు, ఆయన నడిచే స్థితిలో లేడు. పోలీసులు, రెవెన్యూ వాళ్లు వరదకు తెగిన రోడ్డు బాగయ్యాక వచ్చి అడిగి వెళ్లారు.

తమ్ముడు ఫోను చేసి నాన్నను తీసుకెళ్లిపోతానన్నాడు. మావారు కూడా అదే మాట. నాన్న ఒప్పుకోలేదు. "ఆ మడి ఎవరు చూస్తారు?" అన్నాడు. వాగు దిగిన రోజు నుంచి ఒక్కడే అవతలికి వెళ్లడం మొదలుపెట్టాడు. కలుపు తీశాడు, తెగిన గట్టు కట్టాడు. నేను బడిలో ఉన్నంతసేపూ నా చెవులు వాగు మీదే ఉండేవి. వద్దని చెప్పి చూశాను, ఏడ్చి చూశాను. ఆయన విన్నాడు, మర్నాడు మళ్లీ వెళ్లాడు.

అత్త మాతో మాట్లాడటం మానేసింది. వాకిట్లో ఎదురుపడితే ముఖం తిప్పుకునేది కాదు; మేం అక్కడ లేనట్టే వెళ్లిపోయేది. నాన్న పొద్దున్నే ఆమె వాకిట్లో నిలబడి, "చెల్లెమ్మా, మడికి వెళ్తున్నా," అని చెప్పి వెళ్లేవాడు. ఆమె పొయ్యి ఊదుతూనే ఉండేది. సెప్టెంబరులో ఊరు ఊరంతా జ్వరాలు. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు దుప్పటి కప్పుకుని వణుకుతూ ఉండేవారు. మా బడిలో హాజరు సగానికి పడిపోయింది. నాన్నకూ మలేరియా వచ్చింది, తగ్గింది, మనిషి సగమయ్యాడు.

మడి మాత్రం బాగా పండింది. కంకులు బరువుకు వంగాయి. ఇంకో వారంలో కోతలనగా బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టింది. డెల్టాలో వాయుగుండమంటే గాలి, వాన, ఆ తర్వాత తెరిపి. ఇక్కడ ఆ మబ్బు కొండలకు తగిలి లోయలోనే ఉండిపోయింది. సన్నటి వాన, ఎముకలు కొరికే చలి. పైరు పడిపోయి నీళ్లలో నానింది. కంకుల మీదే గింజ మొలకెత్తడం మొదలైంది. నాన్న కొడవలి తీసుకుని ఆ వానలోనే వెళ్లి, పడిపోయిన పైరును పైకెత్తి నాలుగేసి దుబ్బులు కలిపి కట్టాడు. అలా ఎన్ని కట్టాడో, సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆయన పెదాలు నల్లబడ్డాయి. తెల్లారేసరికి ఒళ్లు కాలిపోతోంది. ఊపిరి తీస్తుంటే ఛాతీలో పిల్లికూతలు.

రోడ్డు మీద కొండచరియ పడి బస్సులు ఆగిపోయాయి. అంబులెన్సువాళ్లు చరియ అవతలి దాకా వస్తామన్నారు. మనిషిని అక్కడి దాకా మోసుకెళ్లాలి, వాన తగ్గాలి. ఆ పూట నేను నాన్న తల ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉండగా తలుపు తోసుకుని అత్త వచ్చింది. చేతిలో జావ గిన్నె. నా వైపు చూడలేదు. నాన్న పక్కన కూర్చుని చెంచాతో నోట్లో పోసింది.

"తాగు అన్నా," అంది. మావయ్య పోయాక ఆమె మాతో అన్న మొదటి మాట అదే.

నాన్న కళ్లు తెరిచి ఆమెను చూసి ఏదో అనబోయాడు. "మాటాడకు. తాగు," అంది.

మర్నాడు కుర్రాళ్లు నాన్నను మంచానికి కట్టి, చరియ పడ్డచోట రాళ్ల మీదుగా మోసుకుపోయి అంబులెన్సు ఎక్కించారు. రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో చాలా రోజులు ఉంచారు. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయనీ, ఇక చలి తగలకూడదనీ డాక్టరుగారు చెప్పారు. ఒక మధ్యాహ్నం, తమ్ముడు భోజనానికి వెళ్లినప్పుడు, నాన్న నన్ను దగ్గరికి పిలిచాడు.

"బావ నా దగ్గరి దాకా వచ్చాడమ్మా," అన్నాడు. "నన్ను చెట్టుకేసి తోశాడు. నేను ఒక చేత్తో చెట్టు పట్టుకున్నాను, రెండో చేత్తో ఆయన చెయ్యి పట్టుకున్నాను. కాసేపు అలాగే నిలిచాం. తర్వాత ఏదో దుంగ వచ్చి ఆయనకు తగిలింది. చెయ్యి లాగేస్తోంది. చెట్టు కూడా జారిపోతోంది."

నేను మంచినీళ్లు ఇవ్వబోతే వద్దన్నాడు.

"నేనే వదిలేశానమ్మా. జారిపోలేదు. వదిలేశాను."

ఆయన చెయ్యి నా చేతిలోనే ఉంది. "అత్తకి చెప్పాలి," అన్నాడు. "నువ్వు చెప్పకు. నేనే చెప్పాలి." ఆ అవకాశం ఆయనకు రాలేదు. తమ్ముడి ఇంట్లో రెండు నెలలు మంచం మీదే ఉండి ఫిబ్రవరిలో పోయాడు.

హెడ్మాస్టరుగారికి ఫోను చేశాను, సెలవు చెప్పడానికి. ఆయన ఊళ్లో చెప్పారు. సమాధి వేళకు అత్త వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. మేనల్లుడిని తోడు తీసుకుని రెండు బస్సులు మారి వచ్చింది. రాజమండ్రి దాటి ఇటు రావడం ఆమె జన్మలో అదే మొదలు. పాదిరిగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ మా ఆడవాళ్ల వెనక నిలబడింది. చివర్లో అందరితోపాటు తనూ గుప్పెడు మట్టి వేసింది.

తర్వాత తమ్ముడి ఇంటి అరుగు మీద ఇద్దరం కూర్చున్నాం. ఎదురుగా రెండో పంట దాళ్వా చేలు, చూపు ఆనినంత మేరా పచ్చగా, ఎక్కడా మిట్టపల్లం లేకుండా. ఆమె చాలాసేపు అటే చూసింది.

"ఇక్కడ వాన ఎటునించి వత్తాది టీచరమ్మా?"

"సముద్రం మీంచి అత్తా."

"కనపడదు కదా సముద్రం."

"టీవీలో చెబుతారు."

నాన్న వద్దన్న మాట నేను దాచుకోలేకపోయాను. "అత్తా, నాన్న నీతో ఒకటి చెబుదామనుకున్నాడు. ఆ రోజు వాగులో..."

"సెయ్యి సంగతేనా?" అంది.

నేను ఆమె వైపు తిరిగాను.

"నాను సూశాను. ఒడ్డు మీదే ఉన్నాను కదా."

"చూసి కూడా ఒక్క మాట అనలేదేం అత్తా?"

"ఏమంటాను? మొదట్లో మీ నాన్న సచ్చిపోవాలని అనుకున్నాను. నిజమే సెబుతున్నా. మడిలో వంగుని కలుపు తీత్తుంటే ఇంటికాడ్నించి సూత్తా ఉండేదాన్ని. ఇప్పుడు రావాలి వాగు, ఇప్పుడు రావాలి అనుకునేదాన్ని. రాలేదు." పమిట చెంగుతో ముఖం తుడుచుకుంది. "తరవాత జొరంలో సూశాను. ఇంకేం అనుకోను? వదిలెయ్యకపోతే ఇద్దరూ పోయేవోళ్లు. అది నాకూ తెలుసు."

"ఆ మాట నాన్నకు చెప్పి ఉంటే..." అన్నాను.

"సెబుదామనే అనుకున్నాను. వాన తగ్గాక సెబుదామనుకున్నాను."

తమ్ముడి భార్య అన్నానికి పిలిచింది. అత్త లేచి చేతులు కడుక్కుంది. అందరి మధ్యా కూర్చుని, పెట్టింది పెట్టినట్టు తిని, చీకటి పడకముందే బస్సెక్కించమని అడిగింది.

నేను ఇంకా ఆ లోయలోనే పనిచేస్తున్నాను. ఈ ఏడు జూన్‌లోనే పై కొండల మీద వానలు మొదలయ్యాయి. వాగు అవతలి ఒడ్డు నుంచి బడికి వచ్చే పిల్లలు కొందరున్నారు. పైన మబ్బు కనిపిస్తే వాళ్లను మధ్యాహ్నమే పంపించేయాలా, వాగు సంగతి తేలేదాకా బడిలోనే ఉంచాలా అని హెడ్మాస్టరుగారూ నేనూ రోజూ వాదించుకుంటాం. పంపితే దారిలో భయం. ఉంచితే, పిల్లలు రాలేదని తల్లులు వెతుక్కుంటూ వాగులోకి దిగుతారేమోనని భయం. ఏది చేసినా, వాళ్లు ఇల్లు చేరారన్న కబురు తెలిసేదాకా నాకు అన్నం సయించదు.